నాడి నడక

ఆరోగ్యవంతునికి తనకొక గుండె ఉన్నదనే స్పృహ ఉండదు. నడిచేవాడు కాలిని, చూచేవాడు కంటిని తలచుకోనట్లే బ్రతికేవాడు గుండెను తలచుకోడు. తలచుకోవలసి వచ్చిన దినాన అది కవుల సొత్తు కాకుండా పోయి వైద్యుల సొత్తు అవుతుంది. నేను ఈ రెండు వర్గాల నడుమ చిక్కుకొన్నవాడిని. తరగతిలో చెప్పేది కావ్యపాఠం. సంచిలో మోసేది ఇ.సి.జి. కాగితాలు.

వెనుకటి సంచికలలో ఈ పుటలకు ప్రబంధాలను గురించి, ఛందస్సును గురించి వ్రాశాను. ఈసారి సంపాదకవర్గంలోని విద్యార్థులు "సార్, పాఠం వద్దు, అనుభవం ఏదైనా వ్రాయండి" అని కోరినారు. నాలుగేళ్ళుగా నాకు దగ్గరగా ఉన్న అనుభవం ఒక్కటే కనుక దానినే వ్రాస్తున్నాను.

తెలుగువాడికి గుండెను గురించి మాటల కొరత లేదు. గుండె ఝల్లుమంటుంది, గుభేలుమంటుంది, జారిపోతుంది, దడదడలాడుతుంది, చెరువవుతుంది. మా ఇంటి ఉర్దూలో దిల్ ఘబరాతుంది, బైఠ్‌తుంది, ఉఛల్‌తుంది. యునానీ హకీములు గుండెదడను ఖఫఖాన్ అంటారు. ఎం.ఏ. చదివే దినాలలో ఇవన్నీ కేవలం జాతీయాలనీ, భావాన్ని అతిశయంగా చెప్పే అలంకారాలనీ అనుకునేవాడిని. ఇప్పుడు వీటిలో చాలాభాగం రోగలక్షణాల ఖచ్చితమైన వర్ణనలని తెలిసినది. గుండె జారడం వేరు, గుభేలుమనడం వేరు, దడ వేరు. ఏది ఎప్పుడు కలిగినదో చెప్పగలిగితే వైద్యునికి సగం శ్రమ తగ్గుతుంది. ఆంగ్లంలో చెప్పబోయి తడబడిన నేను "డాక్టరు గారూ, జారి, ఆ వెంటనే గుభేలుమంటున్నది" అన్నప్పుడే ఆయన కలం తీసి వ్రాసుకొన్నారు.

మొదట వచ్చినది దడ. 2021లో ఒక సాయంత్రం సైదాబాదు ప్రధాన వీధిలో బస్సు దిగి ఇంటికి నడుస్తుండగా గుండె ఒక లెక్క లేకుండా కొట్టుకోసాగినది. వేగం మాత్రమే అయితే పరుగెత్తినప్పటి వలె ఉండేది. ఇది ఏ రెండు దెబ్బల నడుమ ఎడమూ సమానం కాని వేగం. మరునాటికి అదే తగ్గినది. పిమ్మట నెలకొకసారి, తరువాత వారానికి రెండుసార్లు వచ్చినది. థైరాయిడ్ సరిగా ఉన్నది, కవాటాలు సరిగా ఉన్నాయి. అయినను ముప్పై నాలుగేళ్ళ వయస్సులో నాకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని తేల్చినారు. కర్ణికల కంపనం అని తెలుగులో చెప్పుకోవచ్చును.

గుండె పై గదులు రెండూ కర్ణికలు, క్రింది గదులు రెండూ జఠరికలు అని జీవశాస్త్ర విద్యార్థులకు తెలుసు. కుడి కర్ణిక పైభాగాన సిరాకర్ణికా కణుపు అనే చిన్న కణజాలం ఉన్నది. 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు దీనిని లోకానికి తెలియజేశారు. ఫ్లాక్ దీనిని మొదట చూచినది మనిషి గుండెలో కాదు, నేలలో బొరియలు త్రవ్వుకొని బ్రతికే మోల్ అనే చిన్న జంతువు గుండెలో! ఆ కణుపు ఆజ్ఞ ఇస్తే కర్ణికలు, వాటి వెనుక జఠరికలు ముడుచుకొంటాయి. దినానికి సుమారు లక్ష ఆజ్ఞలు. కంపనం వచ్చినప్పుడు కర్ణికలు ఆ ఆజ్ఞను పాటించవు. నిమిషానికి మూడువందలకు మించి, క్రమం లేకుండా వణుకుతాయి. వణికే గదిలో రక్తం సరిగా కదలదు. కదలని రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఈ వ్యాధికి చికిత్స లేనివారిలో పక్షవాత ప్రమాదం ఇతరులకంటె సుమారు ఐదు రెట్లు.

ఈ వాక్యాన్ని నేను గ్రంథాలలో చదవకముందే మా ఇంట చూచి ఉన్నాను. మా పెద్ద మామూ మాదన్నపేట మండీలో వ్యాపారి. కూరగాయల బస్తా ఒంటిచేత ఎత్తే మనిషి. ఒక ఉదయం ఆయన కుడిచేయి, నోటి మాట రెండూ ఒకేసారి పోయినాయి. అంతకు ముందు ఏడాదిగా "దిల్ మే చిడియా ఫడ్‌ఫడాతీ" అని నవ్వుతూ చెప్పేవారు. గుండెలో పిచ్చుక రెక్కలు కొట్టుకొంటున్నదని. అది ఏ పిచ్చుకో ఇంట ఎవరికీ తెలియదు. పిమ్మట ఆరేళ్ళు ఆయన మంచం మీదనే గడిపినారు. నా కాగితం మీద వ్యాధి పేరు చూచిన దినాన మా అమ్మీ ఏమీ అడగలేదు. నా కుడిచేతిని పట్టుకొని వ్రేళ్ళు ముడిచి విప్పి చూచినది.

మందులతో ఏడాదిన్నర గడిచినది. తగ్గలేదు. 2023 జనవరిలో నగరంలోని ఒక ఆసుపత్రిలో ఎబ్లేషన్ చేశారు. తొడ దగ్గరి సిర నుండి సన్నని గొట్టాలు గుండెలోకి పంపి, రెండు కర్ణికల నడుమ గోడను సూదితో దాటి, ఎడమ కర్ణికలో పుపుస సిరలు వచ్చి కలిసేచోట చుట్టూ కణజాలాన్ని వేడితో కాల్చి మచ్చలు చేస్తారు. మచ్చను విద్యుత్తు దాటలేదు. అక్కడే ఎందుకు కాల్చాలి? ఫ్రాన్సులోని బోర్డో నగరంలో మిషెల్ హైసగేర్, ఆయన సహచరులు 1998లో ప్రకటించిన పరిశోధన దీనికి సమాధానం. 45 మంది రోగులలో కంపనాన్ని మొదలుపెట్టే 69 మూలాలను వారు వెదకి పట్టుకొన్నారు. వాటిలో 65 పుపుస సిరలలోనే దొరికినాయి. ఆ మూలాలు చేసే పని ఏమంటే, కణుపు ఆజ్ఞ రాకముందే తామొక స్పందనను పంపడం. అటువంటి అకాల స్పందనల వరుస ఒకటి తగిన క్షణాన పడితే కర్ణిక మొత్తం వణకనారంభిస్తుంది. అనగా అకాల స్పందన నిప్పురవ్వ, కంపనం మంట.

చదువరులు ఈ పోలికను గుర్తుంచుకోవలెను. నా కథలో చిక్కంతా దీనిలోనే ఉన్నది.

మంట ఆరినది. ఎబ్లేషన్ తరువాత మూడు నెలలు గుండె అటూ ఇటూ తూలినా దానిని లెక్కలోకి తీసుకోరాదని, కాలిన గాయం మానేవరకు అది సహజమని చెప్పినారు. ఆ మూడు నెలల చివర రంజాన్ వచ్చినది. రక్తం గడ్డకట్టకుండా రోజుకు రెండుసార్లు వేసుకొనే మాత్రను వైద్యుని అనుమతితో సహరీలో ఒకటి, ఇఫ్తార్ పిమ్మట ఒకటి వేసుకొంటూ ఉపవాసాలు పూర్తిచేశాను. కంపనం తిరిగి రాలేదు. నేటివరకు యంత్రాలకు పట్టుబడలేదు. కాని రవ్వలు ఆరలేదు. ఏప్రిల్ నుండి రోజంతా జారడం, గుభేలుమనడం. జూలైలో హోల్టర్ యంత్రం తగిలించారు.

ఈ యంత్రాన్ని కనిపెట్టిన అమెరికా శాస్త్రజ్ఞుడు నార్మన్ హోల్టర్ మొదట తయారుచేసినది సుమారు 38 కిలోల బరువు. వీపున మోయవలసి వచ్చేది. ఇప్పుడు అది అగ్గిపెట్టెకంటె కొంచెం పెద్దది. 24 గంటలలో నా గుండె 1,02,340 సార్లు కొట్టుకొన్నది. వాటిలో అకాల స్పందనలు 7,118. అందులో కర్ణికలవి 6,890, జఠరికలవి 228. వందకు సుమారు ఏడు. వందకు ఏడు తప్పులున్న జవాబుపత్రానికి నేనైతే ప్రథమశ్రేణి ఇస్తాను. కాని గుండెకు మార్కులు వేయడం మన చేతిలో లేదు.

అకాల స్పందనలు దాదాపు అందరికీ ఉంటాయి. రోజంతా పరీక్షిస్తే చాలామందిలో కొన్నైనా కనపడతాయి. విశేషమేమంటే, మనకు తెలిసే దెబ్బ తప్పు దెబ్బ కాదు. ముందుగా వచ్చిన స్పందన వేళకు జఠరికలో రక్తం నిండి ఉండదు; కనుక అది బలహీనం, తరచు మణికట్టుకు అందదు కూడా. అదే జారడం. దాని తరువాత గుండె కొంత ఆగుతుంది. ఆ విరామంలో రక్తం మామూలుకంటె ఎక్కువ నిండుతుంది. పిమ్మట వచ్చే సరైన దెబ్బ ఆ అధిక రక్తాన్ని తోస్తుంది కనుక రొమ్మును గుద్దినట్లుంటుంది. అదే గుభేలు. మనిషిని భయపెట్టేది సక్రమంగా వచ్చిన దెబ్బయే! ఛందస్సు చెప్పేవాడిని కనుక నాకు ఇట్లా తోచినది: ఉత్పలమాల పాదంలో పదవ అక్షరం దగ్గర పడవలసిన యతి తొమ్మిదవ అక్షరం దగ్గరే పడినది; కవి తడబడి, ఒక క్షణం ఆగి, తరువాతి గణాన్ని గొంతెత్తి చదివినాడు. శ్రోతకు వినిపించేది ఆ గొంతే.

మా అమ్మీ పట్టుదల మీద చార్మినారు దగ్గర ఒక వృద్ధ హకీముకు చేయి చూపినాను. పెద్దాసుపత్రి వైద్యం మానరాదని ఆయనే ముందుగా చెప్పినారు. నాలుగు వ్రేళ్ళు మణికట్టు మీద పెట్టి, కళ్ళు మూసి, చాలాసేపటికి "జుల్ ఫత్రా" అన్నారు. నాకు ఆశ్చర్యం వేసినది. వెయ్యేళ్ళ క్రితం ఇబ్నెసీనా తన అల్ ఖానూన్‌లో నాడీభేదాలను వర్ణిస్తూ చీమ నడక వంటిది, పురుగు నడక వంటిది, లేడి గంతు వంటిది అని పేర్లు పెట్టినాడు. వాటితోపాటు మరి రెండు: కదలిక రావలసిన చోట విరామం వచ్చే నాడి జుల్ ఫత్రా, విరామం ఉండవలసిన చోట కదలిక వచ్చేది వాఖె ఫిల్ వసత్. ఇ.సి.జి. లేని కాలంలో, కేవలం వ్రేళ్ళతో, ఒకే ఘటనకు చెందిన రెండు ముఖాలను వేరుచేసి చూచినారు. అకాల స్పందన మణికట్టుకు అందకపోతే మొదటిది, అందితే రెండవది. మన ఆయుర్వేదులు కూడా తక్కువవారు కాదు. పాముల, కప్పల, హంసల నడకలతో నాడిని పోల్చినారు. అయితే శార్ఙ్గధరుడు ఆగి ఆగి నడిచే నాడి ప్రాణాన్ని తీసేదని చెప్పి వదిలినాడు. రోజుకు ఏడువేల సార్లు ఆగి నడిచే నాడి కలవాడు ఆ గ్రంథాన్ని రాత్రిపూట చదవరాదని నా అభిప్రాయం.

నాడి మాట వచ్చినది కనుక మన నగరానికి సంబంధించిన ఒక ముచ్చట. క్లోరోఫాం మత్తులో రోగులు హఠాత్తుగా చనిపోవడానికి కారణం గుండెయా, శ్వాసయా అనే వివాదం గత శతాబ్దానికి ముందు లోకమంతా నడిచినది. దానిని తేల్చడానికి 1888లోను, 1889లోను హైదరాబాదులో రెండు కమీషన్లు కూర్చున్నాయి. నేటి ఉస్మానియా ఆసుపత్రికి పూర్వరూపమైన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నాయకత్వాన, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ధనసహాయంతో వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేశారు. లండన్ నుండి లాడర్ బ్రంటన్ వచ్చి రెండవ కమీషన్‌లో పాల్గొన్నాడు. శ్వాసయే ముందు ఆగుతుంది, గుండె తరువాత. కనుక మత్తు ఇచ్చేవాడు నాడిని చూడనక్కరలేదు, శ్వాసను చూస్తే చాలునని తీర్పు. శ్వాసను కనిపెట్టి ఉండాలన్నది మంచి సలహాయే. కాని 1911లో గుడ్‌మన్ లీవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాలలో తేలికపాటి క్లోరోఫాం మత్తులోనే జఠరికలు కంపించి గుండె తటాలున ఆగిపోవచ్చునని నిరూపించినాడు. నాడిని చూడనక్కరలేదన్న తీర్పు వెలువడిన ఊరిలోనే నేను గంటకొకసారి నాడి చూచుకొంటూ బ్రతుకుతున్నాను.

ఈ అకాల స్పందనలను మందుతో అణచవచ్చును గదా అని అందరూ అడుగుతారు. నేనూ అడిగినాను. డాక్టరు గారు ఒక పాత కథ చెప్పినారు. గుండెపోటు నుండి కోలుకొన్నవారిలో జఠరికల అకాల స్పందనలు ఎక్కువగా ఉన్నవారు తొందరగా మరణిస్తున్నారని గమనించి, వాటిని అణచే మందులు ఇస్తే ప్రాణాలు నిలుస్తాయని వైద్యలోకం నమ్మినది. అమెరికా నాయకత్వాన కాస్ట్ అనే పరీక్ష జరిగినది. ఎన్‌కనైడ్ లేక ఫ్లెకనైడ్ ఇచ్చిన 755 మందిలో సగటున పది నెలలలో 63 మంది మరణించినారు. ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన 743 మందిలో 26 మంది. మందు అకాల స్పందనలను చక్కగా అణచినది. కాగితం మీద గీత శుభ్రమైనది. మనుషులు మాత్రం చనిపోయినారు. ఆ పూర్తి ఫలితాలు 1991లో వెలువడినాయి. గుండె కండరం బాగున్నవారికి ఫ్లెకనైడ్‌ను నేటికీ ఇస్తున్నారు, అది వేరు విషయం. "మీ కండరం బాగున్నది, మీకు ఇవ్వవచ్చును, కాని మీరు బాధపడుతున్నారా, భయపడుతున్నారా, అది ముందు తేలాలి" అన్నారు ఆయన. ఆ ప్రశ్నకు నా దగ్గర వెంటనే సమాధానం లేకపోయినది. రొమ్ము మీద దెబ్బ నొప్పి కాదు. అయితే అది బాధయే కాదని అనలేను.

ఆయన మరొక మాట కూడా దాచకుండా చెప్పినారు. జఠరికల నుండి వచ్చేవి మొత్తంలో పది శాతం దాటితే కండరం బలహీనపడే అవకాశం ఉన్నది. నావి చాల తక్కువ. కర్ణికల నుండి వచ్చేవి వాటంతట అవి ప్రాణాపాయం కావు. కాని ఎబ్లేషన్ తరువాత ఇవి ఎక్కువగా ఉన్నవారిలో కంపనం తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. భయపడవలసినవి కావు, మరచిపోదగినవి కావు. ఇంటివారికి మొదటి సగం చెప్పినాను. రెండవ సగం నేను, ఇప్పుడు ఈ పత్రిక చదువరులు మాత్రమే ఎరుగుదురు.

ఆ సంవత్సరం మే నెలలోనే రక్తం పలుచబరచే మాత్రను ఆపివేశారు. నా వయస్సుకు, రక్తపోటు, మధుమేహం లేని శరీరానికి ఆ మాత్ర వలన కలిగే రక్తస్రావ భయమే ఎక్కువని లెక్క. ఆ లెక్క సరియైనదే. కాని మాత్ర లేని మొదటి రాత్రి నేను మామూ మంచాన్ని తలచుకొంటూ కుడిచేతి వ్రేళ్ళు ఎన్నిసార్లు ముడిచి విప్పినానో లెక్క లేదు.

దినచర్యలో వచ్చిన మార్పులు పెద్దవి కావు. ఎడమ ప్రక్కకు తిరిగి పడుకొంటే గుండె రొమ్ము గోడకు దగ్గరవుతుంది, ప్రతి దెబ్బ పెద్దదిగా తెలుస్తుంది; కుడి ప్రక్కకు అలవాటు పడినాను. సజ్దాలో కొన్నిసార్లు ఎక్కువగా తెలుస్తాయి. తరగతిలో పద్యం రాగయుక్తంగా చదివేటప్పుడు ఒక్కటీ తెలియదు. హాజరు పిలిచేటప్పుడు వరుసగా తెలుస్తాయి. పిన్ని కుమారుడు దుబాయి నుండి గుండె వేగాన్ని చూపే చేతిగడియారం తెచ్చి ఇచ్చినాడు. మూడు వారాలు పెట్టుకొని అతని భార్యకే తిరిగి ఇచ్చినాను. నా వ్రేళ్ళే నాకు ఎక్కువ, దానికి తోడు మరొక వేగులవాడు ఎందుకు?

ఇరానీ చాయ్ సంగతి చెప్పకపోతే సహాధ్యాపకులు ఊరుకోరు. "మానెయ్యండి" అని చెప్పనివారు లేరు. 2023లో అమెరికాలో ఒక పరీక్షా ఫలితం వెలువడినది. నూరుమందికి పద్నాలుగు రోజులు, కొన్ని రోజులు కాఫీ త్రాగించి, కొన్ని రోజులు మాన్పించి, గుండెను యంత్రంతో గమనించినారు. కర్ణికల అకాల స్పందనలలో చెప్పుకోదగిన తేడా లేదు: రోజుకు 58, 53. జఠరికలవి మాత్రం కొంత పెరిగినాయి. నిద్ర ముప్పై ఆరు నిమిషాలు తగ్గినది. అది కాఫీ సంగతి, పైగా వారు నావంటి రోగులు కారు. అయినను ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొని సాయంత్రం ఒక కప్పు చాయ్ త్రాగుతున్నాను. రాత్రి రెండవది మానినది గుండె కొరకు కాదు, నిద్ర కొరకు.

2024 ఆగస్టులో మరల హోల్టర్ పెట్టినారు. మొదటిసారి తెలిసినప్పుడల్లా నొక్కమని ఇచ్చిన మీటను 41 సార్లు నొక్కినాను. ఈసారి 12 సార్లు. ఎంతో తగ్గినదని సంతోషంగా వెళ్ళి కూర్చున్నాను. డాక్టరు గారు కాగితం త్రిప్పి చూపినారు: అకాల స్పందనలు 8,906. పెరిగినాయి! పెరుగుతుండగానే నాకు తెలియడం మానినాయి. ఇందులో సంతోషించవలసినది ఏమిటో, విచారించవలసినది ఏమిటో చాలాసేపు తేలలేదు. శరీరం అలవాటు పడినది, మంచిదే. కాని నాకు తెలియనిది లేదని అనుకోవడానికి ఇక వీలులేదు. ఎబ్లేషన్ తరువాత కంపనం తిరిగి వచ్చినా తెలియకుండా పోయే రోగులు ఉన్నారని ఆయనే చెప్పినారు. నా వ్రేళ్ళ మీద నాకున్న నమ్మకం ఆ దినంతో సన్నగిల్లినది. గంటకొకసారి చూచుకొనే అలవాటు మాత్రం పోలేదు.

అమ్మీ అలవాటు వేరు. మగ్రిబ్ తరువాత పిలిచి, "ఆజ్ కైసా హై రే దిల్?" అని మణికట్టు పట్టుకొంటుంది. ఆమెకు గడియారం చూచి లెక్కపెట్టడం రాదు. తస్బీహ్ పూసలు జరిపినట్లు బొటనవ్రేలు జరుపుతూ, ఆగినచోట తానూ ఆగి, గుద్దినచోట తల ఊపి, కాసేపటికి చేయి వదిలి వంటింటిలోకి వెళ్ళిపోతుంది. ఏమి తెలిసినదో ఎప్పుడూ చెప్పదు.

వార్షిక పరీక్షలు ముగిసిన వారం ఏడు రోజులు తీయకుండా ఉంచే పట్టీ రొమ్మున అంటించుకోవలసి ఉన్నది. ఏ గంటలో ఏ పని చేస్తున్నానో ఒక చిన్న పుస్తకంలో వ్రాయాలట. ఆ వారమే మాకు జవాబుపత్రాల మూల్యాంకనం కూడా పడినది కనుక, ఉదయం పది నుండి సాయంత్రం ఐదు వరకు అన్ని గడులలోను ఒకే మాట వ్రాయవలసి వస్తుంది.